తేదీ లేని సాక్ష్యం

"పంతొమ్మిదివందల తొంభై ఒకటి, ఫిబ్రవరి పదిహేడు, ఆదివారం. పొద్దున డ్యూటీకి పోతా బస్టాండు ముందర ఉగ్గాని తింటి. రెండు మిరపకాయ బజ్జీలు. ఆ రాత్రి తొమ్మిదీ పదికి నేను వేరే మనిషినైతిని."

రాజశేఖర్ తన సాక్ష్యాన్ని ఎక్కడైనా ఇలాగే మొదలుపెడతాడు. ఆర్టీసీలో కంట్రోలరుగా ముప్పై ఏళ్ళు బస్సులు వచ్చిన వేళా పోయిన వేళా రాసిన మనిషి. తేదీ, వేళ, తిన్నది చెప్పకపోతే ఆ సంగతి జరిగినట్టు ఆయనకే అనిపించదు. ఆ రాత్రి గుడారంలో జరిగిన ప్రార్థన కూటంలో చిన్నపిల్లాడిలా ఏడ్చానని, గుండెల మీది బస్తాను ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయిందని, బయటికి వస్తే వీధిదీపాలు కూడా కొత్తగా కనిపించాయని చెప్పేసరికి వినేవాళ్ళ కళ్ళు చెమరుస్తాయి.

ఆ గురువారం సాయంత్రం కల్లూరు మందిరంలో వింటున్నవాళ్ళు ఐదుగురు. ఆదివారం కేసీ కాలువలో బాప్తిస్మం తీసుకోవాలని పేర్లు ఇచ్చినవాళ్ళు. వాళ్ళకెదురుగా పెద్దల చాప. దాని మీద రాజశేఖర్, ఆయన పక్కన సంఘానికి పెద్దదిక్కైన సోమన్న. నీళ్ళలో దిగే ముందు ప్రతి మనిషీ తాను ఎప్పుడు, ఎట్లా మారిందీ పెద్దల ముందు చెప్పుకోవాలి. సోమన్న పాతికేళ్ళ కిందట పెట్టిన పద్ధతి అది. ఎట్లా చెప్పాలో తెలియడానికి మొదట రాజశేఖర్ తనది చెబుతాడు.

ఈసారి చెబుతున్నంతసేపూ తన గొంతు తనకే దూరంగా వినిపించింది, ప్లాట్‌ఫారం మైకులో బస్సుల పేర్లు చదివినట్టు. భార్య ప్రమీలారాణి పోయి ఏడాదిన్నర. అప్పటినుంచీ ఇంతే. ప్రార్థనకు మోకరిస్తే మోకాళ్ళ నొప్పి తెలుస్తుంది, ఇంకేమీ తెలియదు. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు.

మొదట భూపేష్ లేచాడు. టూవీలర్ షోరూంలో మెకానిక్, ఇరవై ఆరేళ్ళవాడు. జూన్ రెండో తేదీ రాత్రి తన గదంతా వెలుగైపోయిందని, అరికాళ్ళనుంచి నడినెత్తి దాకా వేడి పాకిందని, తెల్లారేదాకా నవ్వుతూనే ఉన్నానని చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. సోమన్న కళ్ళు మూసుకొని "స్తోత్రం" అన్నాడు. తర్వాత ముగ్గురు. ఒకరికి కల, ఒకరికి జబ్బు తగ్గడం, ఒకరికి పాటలో పట్టిన వణుకు. సోమన్న ప్రతి పేరు పక్కనా తేదీ రాసుకున్నాడు.

చివరికి ఉరుకుందమ్మ లేచింది. మందిరానికి ఎదురుగా రోడ్డు పక్కన జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. ఆదోని వైపునుంచి వచ్చిన మనిషి, యాభై దాటాయి. నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంది, వాటికి అంటింది ఏమీ లేకపోయినా.

"చెప్పమ్మా. ఎప్పుడు మారినావు?" అన్నాడు సోమన్న.

"ఎప్పుడంటే ఏం చెప్పేదన్నా. మూడేండ్లనుంచి ఇంటాండా. మీ మైకు నా పొయ్యి తట్టుకే తిప్పినారు గదా. ఇనకుండా యాడికి పోవాల?"

భూపేష్ తల వంచుకొని నవ్వాడు.

"ఇని?"

"ఇని నమ్మినా. ఏసయ్య నా పాపాలకోసరం సచ్చిపోయినాడంట, మూడోనాడు లేసినాడంట. నేను చేయలేని పని ఆయప్పే చేసి ముగించినాడంట. అది నమ్మినా."

"అది నోరుండే వాళ్ళంతా చెప్తారమ్మా. నీకేం జరిగింది? నీ లోపల?"

నిజంగానే వెతుకుతున్నట్టు ఉరుకుందమ్మ చూపు నేల మీద తిరిగింది.

"నాకేం జరగలేదన్నా."

"ఏడుపు రాలేదా? భారం దిగినట్టు కాలేదా? కల గానీ, స్వరం గానీ?"

"లేదు. ఆ పొద్దూ పిండి కలిపినా, మర్నాడూ పిండి కలిపినా."

"ఏ పొద్దు?"

"అదే తెలీదు గదన్నా. నమ్మకం ఎప్పుడొచ్చిందో తెలీదు. ఉండాది, అంతే."

సోమన్న గొంతు పెంచే మనిషి కాదు. "ఇంకా వేళ రాలేదమ్మా. కనిపెట్టుకోనుండు. వచ్చే ఏడు కాలువకు నీళ్ళొచ్చినప్పుడు చూద్దాం" అని పట్టీలో ఐదో పేరు మీద గీత గీశాడు.

"అట్లయితే ఇంకో ఏడు పళ్ళెం పక్కకే అందించాల్నా?" అంది ఉరుకుందమ్మ. కోపంగా అనలేదు, బస్సు ఎప్పుడని అడిగినట్టు అడిగింది. ఆమె చెప్పులు వేసుకొని రోడ్డు దాటి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ పళ్ళెం రాజశేఖర్‌కు తెలుసు. ప్రతి ఆదివారం ఆరాధన చివర రొట్టె విరిచి పళ్ళెంలో పెట్టి వరసలవెంట పంపుతారు. బాప్తిస్మం పొందినవాళ్ళే తీసుకోవాలి. ఉరుకుందమ్మ ఆడవాళ్ళ చివరి వరసలో కూర్చుంటుంది. పళ్ళెం తన దాకా రాగానే చేతులు కొంగుకు తుడుచుకొని రెండు చేతులా అందుకుంటుంది. దాన్ని చూస్తుంది. పక్కామెకు ఇస్తుంది. సాయంత్రానికి వందమంది చేతుల్లో రొట్టె పెట్టే మనిషి. మూడేళ్ళుగా చూస్తున్నా ఆయనకు ఇది గుచ్చుకున్నది ఈ మధ్యనే.

అందరూ వెళ్ళాక చాప చుడుతూ సోమన్న అన్నాడు: "నువ్వు పోయి మాట్లాడు రాజశేఖరా. మాటలు రాని మనిషి. ఏదో ఒకటి జరిగే ఉంటాది, గుర్తుకు తెప్పించు. శనివారం లోపల చెప్తే పట్టీలో చేరుస్తా. నాకేమన్నా పగనా."

*

శుక్రవారం ఆరు దాటాక రాజశేఖర్ నోటుబుక్కు తీసుకొని రోడ్డు దాటాడు. రాత్రిపూట వంట మానుకున్నప్పటినుంచి ఆయన భోజనం అక్కడి రెండు రొట్టెలే. ఉరుకుందమ్మ ప్లాస్టిక్ స్టూలును కొంగుతో తుడిచి ముందుకు జరిపింది.

"సోమన్న పంపించినాడా?"

"పంపించినాడు."

"కూసో. పొగ తగలకుండా ఈ తట్టుకు కూసో."

కాగే నీళ్ళు పిండిలో పోసి కట్టెతో తిప్పింది. ఆవిరి తగ్గకముందే చేయి పెట్టి, అరచేతి అంచుతో నాలుగుసార్లు ఒత్తి ముద్ద చేసింది. పీట మీద పొడిపిండి చల్లి తట్టడం మొదలుపెట్టింది. కుడిచేయి తడుతుంటే ఎడమచేయి అంచు పగలకుండా కాపు కాస్తుంది. రొట్టె తనంతట తాను తిరుగుతున్నట్టు ఉంటుంది. రెండు చేతులమీదికి తీసుకొని పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన ఒక్కసారి తుడిచింది. ఇంత పనిలోనూ ఆమె పీట వైపు చూడనే లేదు, రోడ్డు మీద ఎవరొస్తున్నారో చూస్తోంది.

రాజశేఖర్ పెన్ను తీశాడు. "మెల్లగా గుర్తు చేసుకుందాం. మందిరం లోపలికొచ్చి కూర్చున్నది మొదటిసారి ఎప్పుడు?"

"వాన పడినపొద్దు. పొయ్యి ఆరిపోయింది. లోపలికొస్తి."

"మంచిది. తేదీ?"

"వాన పడిన తేదీ నాకేం తెలుసన్నా. కలెక్టరాఫీసులో అడుగు."

"పోనీ. ఆ పొద్దు లోపల కూర్చున్నప్పుడు ఏమన్నా అనిపించిందా?"

"సలి పెట్టింది."

ఆయన రాయబోయి ఆగాడు. "ఒణుకు లాంటిదా?"

"సలి లాంటిది. తడిసినా గదా."

ఇద్దరు ఆటోవాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఆమె కాగితంలో నాలుగు రొట్టెలు మడిచి, ఎర్రకారం పొట్లం మీద పెట్టి ఇచ్చింది. ఒకడు రేపు ఇస్తానన్నాడు. "రేపు నీ దుడ్లు నేను యాడ ఎతకాల, ఆటో నంబరు చెప్పిపో" అంది. నవ్వి ఇచ్చి పోయాడు.

రాజశేఖర్ గొంతు తగ్గించాడు. తనకు ఆ మాట చెప్పడం ఇష్టం లేదు. అయినా పళ్ళెం గుర్తొచ్చింది. "ఉరుకుందమ్మా, ఒక్కమాట అంటే చాలు. ఆ వాన పొద్దు మనసు తేలికైంది అను. తేదీ నేను చూసి రాసుకుంటా. ఎవరికీ నష్టం లేదు. ఆదివారం నీళ్ళలో దిగుతావు."

తట్టే చేయి ఆగిపోయింది. ఆయన ఆ చేయి ఆగగా చూడడం అదే మొదటిసారి.

"కానిది అయిందని ఎట్లంటానన్నా?" అంది. "అబద్ధం చెప్పి ఆ రొట్టె నోట్లో పెట్టుకుంటే గొంతు దిగుతాదా?"

"దిగదు" అన్నాడు ఆయన. నోటుబుక్కు మూశాడు. సిగ్గనిపించింది.

ఆమె మళ్ళీ తట్టసాగింది. కాసేపటికి అడిగింది: "నేనొకటి అడుగుతా. కోపం చేసుకోవద్దు. తొంభై ఒకటిలో నీ బస్తా దిగింది గదా. ఇప్పుడూ అట్లే తేలిగ్గా ఉండాదా?"

ఉందనవచ్చు. ఆ మాట ఆయన వేదికలమీద ఎన్నోసార్లు అన్నదే. ఎదురుగా ఉన్నది పొయ్యి, పొగకు ఎర్రబారిన రెండు కళ్ళు. జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు కూడా లేవవి, రొట్టె ఎప్పుడు తిప్పాలో చూసుకుంటున్నాయి.

"లేదు" అన్నాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

"ప్రమీల పోయినప్పటినుంచి. ఏమీ లేదు. ఎండిపోయినట్టుండాది."

ఆమె ఆశ్చర్యపోలేదు. జాలి కూడా చూపలేదు. "మరి పళ్ళెం వస్తే తీసుకుంటాండావు గదా."

"తీసుకుంటాండా."

"దేన్ని బట్టి?"

"ఆయన చేసిందాన్ని బట్టి" అన్నాడు రాజశేఖర్. తడుముకోకుండా వచ్చిన మాట. అన్నాక దాన్ని తానే విన్నాడు.

"నేను చెప్పిందీ అదే గదన్నా."

ఆమె పెనం మీది రొట్టెను తిప్పింది. అది బూరెలా పొంగింది. తర్వాతిది ఒక అంచున చీలి, అట్లాగే పడుకుండిపోయింది.

"ఇది పొంగింది, ఇది పొంగలే. పొంగితే నాకూ సంతోసమే, లేదనను. పొంగలేదని దీంట్లో జొన్నలు తక్కువైతాయా?"

పొంగని దాన్ని ఆయన పళ్ళెంలో వేసి, ఎర్రకారం పక్కన చిటికెడు బెల్లం కూడా పెట్టింది. బెల్లం ఆయన అడగలేదు.

*

శనివారం పొద్దున రాజశేఖర్ సోమన్న బండల పాలిష్ షెడ్డుకు వెళ్ళాడు. బేతంచెర్ల నుంచి వచ్చిన లోడు దించుతున్నారు. నేలంతా తెల్లటి బురద. సోమన్న చేతిలో మూరెడు ఇనుప చువ్వ. దించిన ప్రతి బండనూ నిలబెట్టి, చువ్వతో ఒకసారి తట్టి, చెవి దగ్గరపెట్టి వింటాడు. గంటలా మోగితే కుడివైపు. మొద్దుగా పలికితే ఎడమవైపు.

"పైకి రెండూ ఒకటే" అన్నాడు చూడకుండానే. "పగులు లోపలుంటాది. మిషను మీద పెట్టినాక ఇరిగితే ఏం లాభం? ముందే తట్టి చూడాల. ఏం చెప్పింది ఆ యమ్మ?"

"గురువారం చెప్పిందే చెప్పింది."

"ఇంకేం లేదా?"

"ఇంకేం లేదు. అది చాలు అనిపిస్తాంది నాకు."

సోమన్న చువ్వ దించాడు. "మా తమ్ముడు కంబన్న నీకు తెలుసు. నేనే దగ్గరుండి బాప్తిస్మం ఇప్పిస్తి. ఏమిరా నమ్మినావా అంటే నమ్మినా అన్నాడు, నీళ్ళలో ముంచితిమి. ఆదివారం రొట్టె తీసుకుండె, సోమవారం తాగి పెండ్లాన్ని కొట్టె. ఇరవై ఏండ్లు. లివరు పోయి సచ్చిపాయ. ఆ పొద్దు ఎవరన్నా వాన్ని ఆపి, నీ లోపల నిజంగా ఏం జరిగిందిరా అని అడిగింటే..." పక్క బండను అవసరానికి మించి గట్టిగా కొట్టాడు. అది చక్కగా మోగింది.

సోమన్న అడ్డు చెబుతున్నది గర్వంతో కాదని, తమ్ముడి దగ్గర తిన్న దెబ్బతోనని రాజశేఖర్‌కు తెలుసు.

"సోమన్నా, ఒకటి చెప్తా. ఏడాదిన్నరగా నాకూ ఏమీ లేదు. లోపల."

సోమన్న ఆయన ముఖంలోకి చూశాడు. "అది శోధన. పోతాది."

"పోకపోతే?"

"ప్రార్థన చెయ్యి."

"చేస్తాండా. నన్ను తట్టి చూడు, మొద్దుగానే పలుకుతా. మరి నన్ను ఏ తట్టు పెడతావు?"

అప్పుడే లోపల పాలిష్ మిషను మొదలైంది. ఆ మోతలో మాట వినిపించదు. సోమన్న వేళ్ళు చూపించాడు, నాలుగు. పట్టీలో నలుగురే.

రాజశేఖర్ వెనక్కి తిరిగాడు. గేటు దగ్గర సోమన్న వెనకనుంచి వచ్చి ఆపాడు. చేతిలో నీళ్ళ పైపు. డెబ్బై ఏళ్ళ మనిషి వంగి, రాజశేఖర్ చెప్పులకూ పాదాలకూ అంటిన బురదను కడిగి లోపలికి పోయాడు.

*

ఆదివారం ఏడు గంటలకు కాలువ గట్టు మీద యాభైమంది దాకా చేరారు. సుంకేసుల నుంచి వదిలిన నీళ్ళు ఎర్రమట్టి రంగులో నిండుగా పోతున్నాయి. బట్టలుతికే మెట్ల దగ్గర లోతు నడుముదాకా. సోమన్నకు మోకాళ్ళు పనిచేయవు కనుక కొన్నేళ్ళుగా నీళ్ళలో దిగేది రాజశేఖరే. సోమన్న గట్టు మీద నిలబడి పేర్లు చదువుతాడు.

ఉరుకుందమ్మ కూడా వచ్చింది. రోజూ కట్టే ముదురాకుపచ్చ చీరే, చంకన గంప. ఆరాధన తర్వాత అందరూ కలిసి తినే ప్రేమవిందుకు రొట్టెలు. జనానికి దూరంగా నిలబడింది.

తెల్లబట్టల్లో ఉన్న భూపేష్ రాజశేఖర్‌ను పక్కకు పిలిచాడు. ముఖం పాలిపోయి ఉంది.

"అంకుల్, మొన్న చెప్పింది నిజమే. ఒట్టు. కానీ వారంనుంచి అది లేదు. నిన్న ప్రార్థనకు కూసుంటే ఒకాయన బండి గేర్‌బాక్స్ గుర్తొస్తాంది. మొన్న గూడా, చెప్తే మళ్ళీ వస్తాదేమోనని చెప్పినా. అది పోయిందంటే రక్షణ పోయినట్టేనా? దిగమంటావా, వద్దా?"

గురువారం నాటి రాజశేఖరైతే ఉపవాసముండి ఎదురుచూడమనేవాడు.

"ఆయన సిలువమీద చేసింది జూన్ నెలలో ఎంత ఉండెనో, ఈ పొద్దూ అంతే ఉండాది" అన్నాడు రాజశేఖర్. "నీ లోపలికి తొంగి తొంగి చూడొద్దు. గేర్‌బాక్స్ గుర్తొస్తే రానీ. పద."

భూపేష్ ఊపిరి వదిలాడు. రాజశేఖర్ పంచె ఎగగట్టుకొని మెట్లు దిగుతుంటే, ఆ మాటలు తనవి కావని, వాటిని తాను పొయ్యి దగ్గరనుంచి తెచ్చుకున్నాడని తోచింది.

నలుగురూ అయిపోయారు. సోమన్న పట్టీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. పాట ఎత్తుకోబోతూ చూస్తే రాజశేఖర్ ఇంకా నీళ్ళలోనే ఉన్నాడు.

"పైకి రా రాజశేఖరా."

"ఇంకొకరుండారు."

"పట్టీలో నలుగురే."

రాజశేఖర్ గట్టు వైపు తిరిగి గొంతు పెంచాడు, బస్టాండులో పెంచినట్టు. "ఉరుకుందమ్మా. ఏసయ్య నీ పాపాలకోసరం చనిపోయి లేచినాడని నమ్ముతాండావా?"

"నమ్ముతాండా" అంది ఆమె, ఉన్నచోటునుంచే.

"ఇంకేమన్నా చెప్పేది ఉండాదా?"

"ఇంకేం లేదు."

"ఇంతకన్నా అడగను. రా."

ఆమె కదల్లేదు. గంప చంకన పెట్టుకొనే సోమన్న ముందుకు వచ్చి నిలబడింది. "అన్నా, నువ్వు వద్దంటే దిగను."

సోమన్న ఆమెను చూడలేదు. నీళ్ళు వచ్చే వైపు చూస్తూ, "నేను పిలవను" అన్నాడు.

"వద్దంటాండావా?"

"పిలవను అంటాండా."

ఉరుకుందమ్మ ఆ మాటను ఎత్తి బరువు చూసినట్టు కాసేపు నిలబడింది. "పిలిచే ఆయన నీళ్ళలో ఉండాడు. నువ్వు వద్దనలేదు" అంది. గంపను సోమన్న కూతురు మహిమ చేతికిచ్చి, చెప్పులు విడిచి, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగింది. ప్రవాహం ఆమెను కొంచెం తోసింది. భూపేష్ అడగకుండానే మళ్ళీ నీళ్ళలోకి వచ్చి రెండో రెక్క పట్టుకున్నాడు. రాజశేఖర్ తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామాన అని, ఆమెను వెనక్కి వంచి ముంచి లేపాడు.

దగ్గుతూ, ముఖం తుడుచుకుంటూ గట్టెక్కింది. మహిమ తువ్వాలు కప్పి, ప్రతిసారీ అందర్నీ అడిగే మాటే అడిగింది: "ఏమనిపించింది పెద్దమ్మా?"

గట్టు మీదివాళ్ళంతా ఆమె వైపు చూశారు. సోమన్న కూడా తల తిప్పాడు.

"నీళ్ళు సల్లగుండాయి" అంది ఉరుకుందమ్మ. "మూడో మెట్టు జారుతాది తల్లీ, పైయేడు వచ్చేటోళ్ళకు చెప్పు."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు పాకింది, ఎగతాళి లేకుండా.

ఆ పొద్దు ఆరాధన చివర పళ్ళెం వరసలవెంట వెళ్ళింది. ఆమె చేతులు తుడుచుకొని అందుకుంది. చిన్న తునక తీసుకుంది. పళ్ళెం పక్కామెకు ఇచ్చి, ఆ తునకను చాలాసేపు నమిలింది. రాజశేఖర్ చూపు తిప్పుకున్నాడు, తినే మనిషిని అంతసేపు చూడకూడదని. పళ్ళెం తిరిగి పెద్దల చాప దాకా వచ్చినప్పుడు సోమన్న దాన్ని పట్టుకొని, తీసుకోకుండా అట్లాగే ఉండిపోయాడు. చివరికి తీసుకున్నాడు.

*

సాయంత్రం చీకటి పడ్డాక సోమన్న స్కూటర్ మీద వచ్చాడు. రాజశేఖర్ కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చాడు. సోమన్న సగం తాగి గ్లాసు చేతిలోనే పెట్టుకున్నాడు.

"వచ్చే ఆదివారంనుంచి నువ్వు పెద్దల చాప మీద కూసోవద్దు. ముగ్గురు నలుగురు అడిగినారు. ఈ పొద్దు నువ్వు పట్టీ కాదంటే రేపు ఇంకొకరు కాదంటారు."

"సరే" అన్నాడు రాజశేఖర్. అనుకున్నదే. ఇరవై రెండేళ్ళు కూర్చున్న చోటు కనుక కొంచెం కలుక్కుమంది.

"నీళ్ళలో దిగేది గూడా భూపేష్‌కు నేర్పిస్తాం."

"వానికి పట్టు బాగుండాది. నేర్చుకుంటాడు."

చెప్పవలసింది అయిపోయింది. ఎవరింటికి వచ్చినా సోమన్న లేచేముందు నిలబడి ప్రార్థన చేస్తాడు. ఆ పొద్దు లేవలేదు. గోళ్ళ సందుల్లో ఇరుక్కున్న తెల్ల పొడిని చూసుకుంటున్నాడు.

"ఆ యమ్మ పొయ్యికాడ నీతో ఏమన్నాది? ఉన్నదున్నట్టు చెప్పు. నీ మాటలు కలపొద్దు."

రాజశేఖర్ చెప్పాడు. పొంగిన రొట్టె, పొంగని రొట్టె, దేన్ని బట్టి తీసుకుంటున్నావని అడగడం.

"ఇంకోసారి చెప్పు."

మళ్ళీ చెప్పాడు.

"జొన్నలు తక్కువైతాయా అన్నాదా?"

"అన్నాది."

సోమన్న తల ఊపాడు. ఆయన మాట్లాడేసరికి బయట రెండు లారీలు పోయాయి.

"కంబన్న గూడా అట్లనే అన్నాడప్పా. కడాకు, పెద్దాస్పత్రిలో. అన్నా, నాకు లోపల ఏమీ తెలుస్తాలేదు, ఏడుపు గూడా రాలే, నేను తాగుబోతు నా కొడుకును, ఆయప్ప నాకోసరం సచ్చినాడని మాత్రం నమ్ముతాండా, చాలునా అన్నాడు." గ్లాసు కింద పెట్టాడు. "అది చాలదురా అంటి. తెల్లారేలోగా పాయ."

రాజశేఖర్ దగ్గర ఓదార్పు మాటలు కొన్ని ఉన్నాయి. శవాల దగ్గర ఎన్నోసార్లు పలికినవి. వాటిని తీయలేదు.

"చాలదని నువ్వంటివి సోమన్నా" అన్నాడు. "ఏసయ్య అన్లేదు."

సోమన్న మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. ప్రార్థన చేయలేదు. గుమ్మం దగ్గర రాజశేఖర్ భుజం పట్టుకొని, మెట్టు దిగేదాకా వదల్లేదు. స్కూటర్ మూడో తన్నుకు స్టార్టయింది.

రాజశేఖర్ మిగిలిన నీళ్ళు పారబోసి గ్లాసు కడిగి బోర్లించాడు. మోకరించి ప్రార్థన చేశాడు. ఇంత జరిగాక ఏదైనా కలుగుతుందేమోనని కొంచెంసేపు ఆగాడు. ఏమీ కలగలేదు. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. అయినా భయం వేయలేదు. గోడ పట్టుకొని లేచి, వీధి దీపం కింద పడుకున్న కుక్క ఉలిక్కిపడకుండా, తలుపు మెల్లగా మూసి గడియ పెట్టాడు.